అల్లుడు అడిగిన చాప్స్

ఆ ఆదివారం పొద్దున్నే తిప్పయ్య నడుం బిగించాడు. మధ్యాహ్నానికి కొత్తల్లుడు తిప్పేష్ వస్తున్నాడు. పోయినసారి వెళ్తూ వెళ్తూ, "పంది చాప్స్, అదీ ఓవెన్లో మెత్తగా కాలింటేనే తింటా మామా" అని సెలవిచ్చి పోయాడు. కొత్తల్లుడు నోరు తెరిచి అడిగిన మాంసం పెట్టలేకపోతే గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో తిప్పయ్య తలెత్తుకు తిరగలేడు.

ఓవెన్ పక్కింటి కదిరమ్మది. కేకు చేస్తామని అబద్ధమాడి తెచ్చాడు. తీరా గుమ్మంలో భార్య హనుమక్క అడ్డం నిలబడింది.

"దేవుని పటాలుండే ఇంట్లోకి పందిమాంసం రానీను. బయటే చేసుకో పో!"

ఓవెన్ వరండాలోనే ఆగింది, కిటికీలోంచి వైరు వచ్చింది. అల్లం, పెరుగు పట్టించిన చాప్స్‌ను సన్న సెగ మీద చాలాసేపు ఉంచితే మెత్తబడతాయని ఎవరో చెప్పారు. ఇక్కడ సన్న సెగ కాదు కదా, అసలు సెగే లేదు. వోల్టేజి పడిపోయింది. ఎంతసేపటికీ మాంసం చెప్పు తోలులా బిగుసుకునే ఉంది. తిప్పయ్యకు ఒళ్ళు మండింది. ఆ మంట ఓవెన్‌కైనా వస్తే బాగుండుననిపించింది.

విసిగిపోయి, వోల్టేజి తగ్గితే కాలనీలో అందరూ చేసే పనే చేశాడు. ఫ్యూజు పీకి ఇంకో ఫేజుకు మార్చాడు. టప్పుమంది. వరుసంతా కరెంటు పోయింది. అదీ టీవీల్లో క్రికెట్ మ్యాచి చివరి ఓవర్లు నడుస్తున్నప్పుడు.

"ఎవడప్పా ఫేజు మార్చినోడు?" అని ఎదురింటి వెంకటేశులు అరుస్తూ వచ్చాడు. వెనకే సగం కాలనీ వచ్చింది. కదిరమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఇదేం కేకు తిప్పయ్యన్నా, అల్లం వాసనొస్తాండాది?"

"కొత్త రకం లేమ్మా."

కదిరమ్మ మూత తీసి చూసింది.

"అయ్యో, పంది వండినావా! మా అత్త చూస్తే నన్నూ దీన్నీ కలిపి బయటికి తోస్తాది!"

ఓవెన్‌ను అక్కడికక్కడే వాకిట్లోకి బోర్లించి పట్టుకుపోయింది. మట్టిలో పడిన చాప్స్‌ను వీధి కుక్కలు ఏ ఓవెన్ అవసరం లేకుండానే ముగించాయి. సరిగ్గా అప్పుడే అల్లుడు ఆటో దిగాడు.

"మర్యాద పాయె అల్లుడా! చాప్స్ కుక్కలపాలైనాయి" అన్నాడు తిప్పయ్య ఏడుపు గొంతుతో.

తిప్పేష్ ముఖం వెలిగిపోయింది. "పోనీలే మామా! నిజం చెప్తా. నాకు పందిమాంసమే పడదు. వచ్చినప్పుడల్లా కోడి కోసి, వద్దన్నా వడ్డించి సంపుతాండారు. మీతో కానిది అడిగితే ఊరుకుంటారనుకుంటి. ఇంత చారన్నం పెట్టండి, చాలు."

పొద్దుటి నుంచీ పడిన పాట్లన్నీ చారన్నం కోసమా! కొత్తల్లుడైపోయాడు గానీ, లేకుంటే తిప్పయ్య ఆ ఫ్యూజు వైరు చేతికిచ్చి పట్టుకోమనేవాడు.

హనుమక్క మాత్రం, "అల్లుడు సిగ్గుపడతాండాడు పాపం" అంటూ కత్తి తీసుకుని పెరట్లో కోడి వెంట పడింది.