అయ్యగారికి పిలుపొచ్చింది

బుధవారం పొద్దున ఆనందప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. అరకిలో పొట్టేలు మాంసం తేవాలి. భార్య కాంతమ్మ మదనపల్లెలో చెల్లెలింటి నుంచి మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేలోపు కూర తానే వండాలి. ఆమె మూడో ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు మెల్లగా సంగతి చెప్పాలి. మొదటి రెండు ముద్దలకు ఆమె ఉప్పు గురించి మాట్లాడుతుంది. నాలుగో ముద్దకు కడుపులో బలం చేరి గొంతు లేస్తుంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆనందప్ప కనిపెట్టిన సందు ఆ మూడో ముద్ద ఒక్కటే.

సంగతి ఇది. అండమాన్‌లో ఒక చిన్న దీవి ఉంది. అక్కడి తెలుగువాళ్ళ చర్చికి ఆనందప్ప పదకొండేళ్ళు పాస్టరుగా ఉండి వచ్చాడు. వచ్చి తొమ్మిదేళ్ళయినా మనసు మాత్రం రాలేదు. రేకుల కప్పు మీద వాన పడుతుంటే ప్రసంగం ఆపి అందరూ వానే వినడం, ఆరాధన ముగిసేసరికి గుమ్మంలో ఎవరో చేపలు పెట్టిపోవడం, తలుపు తీస్తే సముద్రం వాకిట్లోనే ఉండడం పుంగనూరులో ఎక్కడ దొరుకుతాయి? పైగా రిటైరయ్యాక కొత్త పాస్టరు ఆదివారాలు, పెళ్ళిళ్ళు, క్రిస్మస్ కేకులు తన కింద పెట్టుకొని చావులు మాత్రం ఆనందప్పకు వదిలేశాడు. అలాంటి సమయంలో దీవి నుంచి సంఘపెద్ద దానియేలు ఫోన్ చేసి, “మళ్ళీ మీరే రావాలండి” అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే ఆనందప్ప ఒప్పుకున్నాడు. మర్నాడే చెన్నై ఓడకు రెండు బెర్తులు తీసుకున్నాడు. శుక్రవారం కుప్పంలో రైలెక్కాలి.

ఈ వారం రోజుల్లో కాంతమ్మకు చెప్పడం ఒక్కటే మిగిలిపోయింది. మొదటిసారి ఓడలో మూడు దినాలు వాంతులు చేసుకున్న కాంతమ్మ, దిగిన రోజే మళ్ళీ ఓడెక్కనని ఒట్టు పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో విమానమెక్కి ఇంకో ఒట్టు పెట్టుకుంది. దీవి పేరెత్తితే చాలు, “నీ సముద్రం నువ్వే తాగు” అనేది.

సంఘానికి కబురు పెట్టే పని ముందురోజే శంకరప్పకు అప్పగించాడు. శంకరప్ప బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి, చర్చి సెక్రటరీ. సంఘం వాట్సాప్ గుంపు ఆయన చేతిలోనే ఉంది. “బుధవారం సాయంత్రం పెట్టు శంకరప్పా, ఇంట్లో సెప్పినాక” అని ఆనందప్ప రెండుసార్లు చెప్పాడు. కానీ శంకరప్పకు రాయడం వచ్చింది ఒకటే రకం. పదేళ్ళుగా ఆ సంఘంలో ఎవరు చనిపోయినా వార్త ఆయనే రాస్తాడు. వార్త చల్లారకూడదని పొద్దున్నే పెడతాడు. అదే చేత్తో, అదే పొద్దున, అదే పూల అంచు మధ్య ఆనందప్ప పాస్‌పోర్టు ఫోటో అతికించి, కింద ఇలా రాశాడు:

“మన ప్రియతమ ఆనందప్ప అయ్యగారు ప్రభువు పిలుపునందుకొని, తాము ఎంతగానో ప్రేమించిన ఆ సుందర తీరమునకు బయలుదేరుచున్నారు. కడసారి చూడగోరువారు శుక్రవారము ఉదయము ఎనిమిది గంటలలోపు వారి స్వగృహమునకు రావలెను. అక్కడి నుండి కుప్పమునకు సాగనంపబడును.”

ఆనందప్ప ఇది చూడలేదు. ఎవరేమి పెట్టినా వెనకే మూడువందల ‘ఆమెన్’లు వచ్చి పడతాయని ఆ గుంపు గొంతు ఎప్పుడో నొక్కేశాడు. మాంసం వండేటప్పుడు ఏ ఫోనూ వద్దని సెల్లును కూడా బీరువాలో పెట్టాడు.

కూర సగం ఉడికేసరికి వాకిట్లో ఆటో ట్రాలీ ఆగింది. షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే గఫూర్ దిగాడు. వెనక ఇద్దరు మనుషులు శవాన్ని పెట్టే అద్దాల ఐస్ పెట్టె మోసుకొస్తున్నారు.

“సలాం అయ్యగారూ. పెట్టె యాడ దించేది?”

ఆనందప్ప గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. ఇది ఆయనకు కొత్త కాదు. ఇరుకిళ్ళ వాళ్ళు ఎవరైనా పోతే శవాన్ని ఆయన హాల్లో ఉంచడం మామూలే.

“ఫ్యాను కింద పెట్టండప్పా. ప్లగ్గు కిటికీ పక్కన ఉండాది. ఎవురు గఫూర్ పోయింది?”

“నాకేం తెల్సు సార్! మదనపల్లె నుంచి వసంతమ్మ ఫోన్ చేసింది. ఏడస్తా ఉంది, మాట తెలీలా. అయ్యగారింటికి పెట్టె పంపు అనింది, పెట్టేసింది.”

వసంతమ్మ అంటే కాంతమ్మ చెల్లెలు. కాంతమ్మకేమైనా అయిందా? గఫూర్ ఆయన ముఖం చూసి, “కొంచెం పొడుగు మనిషికే తెమ్మనింది సార్” అన్నాడు. కాంతమ్మ పొట్టి. ఆనందప్ప ఊపిరి పీల్చుకొని, చనిపోయిన ఆ పొడుగు మనిషి ఎవరా అని ఆలోచిస్తూ, పెట్టె చల్లబడుతోందో లేదో చెయ్యి పెట్టి చూశాడు.

అంతలో వీధి చివర నుంచి ఏడుపు వినిపించింది. పాపక్క. ఆ పేటలో ఆమె రాకుండా చావు మొదలైనట్టు లెక్క కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, నలుగురు ఆడవాళ్ళను వెంటేసుకొని గడప దాటింది. ముక్కు ఎగబీల్చింది. ఏడుపు టక్కున ఆగింది.

“ఏంది ఈ వాసన? సావింట్లో మసాలా వేసుండారా?”

“కాంతమ్మ కోసం వండుతాండా పాపక్కా. ఇంతకీ పోయింది ఎవురు?”

పాపక్క తలెత్తి చూసింది.

“మీరే గదా అయ్యగారూ!”

“నేనా?”

“శంకరప్ప ఫోన్లో పెట్టుండాడే! పూలేసి! పోతే పోయినారు, అది దేవుని చిత్తం. కానీ మట్టి కుప్పంలో ఏమిటికి? ఏం, మా పుంగనూరు మట్టి మీకు పనికిరాలేదా? మా అత్తను, మా మామను ఈడ పూడ్చలేదా మీరు?”

వెనకనున్న ఆడవాళ్ళు కూడా ఆ మాటకే ఎక్కువ నొచ్చుకున్నట్టు కనిపించారు. ఆయన బతికి ఉన్న సంగతి అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

ఆనందప్ప బీరువాలోంచి ఫోను తీసి గుంపు తెరిచాడు. రెండువందల అరవై ఆమెన్‌లు వచ్చి ఉన్నాయి. అన్నిటికన్నా ముందు వచ్చింది కొత్త పాస్టరుది. కింద ఆయనే ఇంకో వరస రాశాడు: “శుక్రవారం నాకు ఉపవాస ప్రార్థన ఉంది. ఎవరన్నా వేరే అయ్యగారిని చూసుకోండి.”

కబురందిన శంకరప్ప సైకిలు తోసుకుంటూ వచ్చాడు. హాల్లో పెట్టె, పెట్టె చుట్టూ ఆడవాళ్ళు, మధ్యలో గరిటెతో అయ్యగారు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నా ఆయన తొణకలేదు.

“నేను యాడన్నా సచ్చిపోయినారని రాసినానా? సూడండి. ‘బయలుదేరుచున్నారు’ అని రాసినా. నిజంగా పోయినోళ్ళకైతే ‘బయలుదేరిరి’ అని రాస్తా. పదేండ్లుగా సదవతాండారు, ఆ తేడా తెలీకపోతే నేనేం సేసేది?”

“సుందర తీరం ఏందప్పా?” అన్నాడు ఆనందప్ప.

“సముద్రం ఒడ్డు గదా అయ్యగారూ. తీరం అనకపోతే ఇంగేమంటారు?”

“సాయంత్రం పెట్టమంటిని గదా!”

“సాయంత్రం ఎవురు సూస్తారు అయ్యగారూ, అందరూ సీరియళ్ళ కాడ ఉంటారు.”

గఫూర్ అంతా విని మెల్లగా పెట్టె ప్లగ్గు పీకబోయాడు. సరిగ్గా అప్పుడే మదనపల్లె బస్సు, ఆగాల్సిన చోట ఆగకుండా, వీధి మొగదలకు వచ్చి ఆగింది. టమోటా బుట్టలతో సహా సగం బస్సు దిగింది. అందరికన్నా ముందు కాంతమ్మ. పొలిమేర నుంచీ ఏడ్చినట్టుంది, గొంతు బొంగురుపోయింది.

“ఆ దీవి, ఆ దీవి అని కొట్టుకుంటివే! నేను అడ్డం పడితినే! నువ్వు లేసి ఒక్కసారి రమ్మంటే ఈ పొద్దే ఓడెక్కుతానే నాయినా!”

ఆనందప్ప ఆ మాట విన్నాడు. తన మూడో ముద్ద పథకం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలనిపించింది. సాక్ష్యానికి సగం బస్సు ఉంది. ఆయన ముఖంలోకి సంతోషం వచ్చేసింది. గరిటె పక్కన పెట్టి, “వస్తావా కాంతా?” అన్నాడు.

కాంతమ్మ ఆగింది. పెట్టెను చూసింది. ఖాళీ. మొగుణ్ణి చూసింది. దగ్గరికొచ్చి ఆయన బుగ్గ గట్టిగా గిల్లింది.

“బతికే ఉండావా?”

“ఉండా.”

“మరి ప్రభువు పిలుపు?”

“అండమాన్ నుంచి. దానియేలు ఫోన్ జేసినాడు. మళ్ళా సేవకు రమ్మని.”

“ఎప్పుడు?”

ఆనందప్ప అబద్ధం ఆడే ఉద్దేశంతోనే నోరు తెరిచాడు. కానీ పాస్టరుగా ఉన్న అలవాటు కొద్దీ నిజం వచ్చేసింది. “పోయిన బుధవారం. ఓడకు టికెట్లు కూడా… నీకూ ఒకటి తీసినా.”

కాంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత ఎంతో నెమ్మదిగా అంది.

“గఫూరన్నా, ఆ ప్లగ్గు పీకొద్దు. పెట్టె అట్లే ఉండనీ.”

గఫూర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బస్సు దిగిన ఆడవాళ్ళు పెట్టె చుట్టూ సర్దుకొని కూర్చున్నారు. పాపక్క వంటింట్లోకి పోయి కూర మాడకుండా దించింది. దించినప్పుడు ఉప్పు కూడా చూసింది.

అప్పుడు కాంతమ్మ సంచిలో ఫోను మోగింది. దీవి నుంచి దానియేలు. శంకరప్ప వార్తను అక్కడికీ పంపి ఉన్నాడు. కాంతమ్మ స్పీకరు పెట్టింది.

“కాంతమ్మగారూ, ఏటండీ ఇంత పని అయిపోనాది! పొద్దున్నే సంఘమంతా కూడి ఏడ్చేసినామండి. అయ్యగారి స్థానంలో మా కుర్రోడికే ఆదివారం నుంచి గుడి అప్పజెప్పేసినాం. మాట ఇచ్చేసినామండి.”

ఆనందప్ప చేతులు ఊపాడు. కాంతమ్మ ఆయన వైపు వీపు తిప్పింది.

“కానీ మీరు ఒంటరిగా ఉండకూడదని సంఘం తీర్మానం చేసింది. ఆడపిల్లల హాస్టలు కట్టినామండి, ముప్పై మంది పిల్లలు. వార్డెనుగా మీరే కావాలి. పదకొండేళ్ళు మీ చేతి కూడు తిన్నోళ్ళం, మిమ్మల్ని మేం మర్చిపోనేదండి. మీరు రావాలి కాంతమ్మగారూ.”

ఆ దీవిలో పదకొండేళ్ళు వచ్చిన ప్రతి మనిషికీ కాంతమ్మ వండిపెట్టింది. అందరూ తిని “అయ్యగారి ఇంట్లో భోంచేశాం” అనేవాళ్ళు. ఆమెకొక పేరుందని అక్కడ ఎవరికీ తెలియదనుకుంది.

“వస్తా” అంది.

“ప్రభువుకు స్తోత్రం!”

“ఇంగొక మాట నాయినా. ఆయన సావలేదు. ఈడే నిలబడుండాడు.”

అటువైపు నుంచి సన్నగా, “స్తోత్రమేనండి… కానీ ఆ కుర్రోడు కోటుకు కొలతలు కూడా ఇచ్చేసినాడండి” అని వినిపించింది.

“ఆయప్ప కోటు ఆయప్పనే వేసుకోనీ. నన్ను మీరు పిలిచినారు, నేను వస్తాండా. ఈయప్పను యాడ పెట్టేది? ఆడపిల్లల హాస్టల్లో మొగోళ్ళు ఉండకూడదు గదా.”

దానియేలు ఆలోచించాడు. “గేటు కాడ వాచ్‌మన్ గది ఖాళీగా ఉందండి.”

హాలంతా ఆనందప్ప వైపు తిరిగింది. శంకరప్ప సిగ్గుతో తల దించుకున్నాడు. నలభై ఏళ్ళు ప్రసంగాలు చేసి, రెండు ఊళ్ళకు బాప్తిస్మాలిచ్చిన మనిషి. పౌరుషం వస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆనందప్ప ముందుకొచ్చి భార్య చేతిలోని ఫోను మీదకు వంగాడు.

“దానియేలూ, ఆ గదిలోంచి సముద్రం కనపడతాదా?”

“తలుపు తీస్తే సముద్రమేనండి.”

“అయితే వస్తా.”

కాంతమ్మ అప్పుడు గఫూర్‌కు సైగ చేసింది. ప్లగ్గు పీకారు. అరకిలో మాంసం అంతమందికి ఎలా సరిపోయిందో పాపక్కకే తెలియాలి.

శుక్రవారం ఎనిమిదికి సంఘం సగం కన్నా ఎక్కువే వచ్చింది. వార్త అబద్ధమని తెలిసినా, సెలవు పెట్టుకున్నాం గదా అని వచ్చారు. పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో కుప్పం దాకా తొమ్మిది మంది తోడు వెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద కాంతమ్మ బెంచీ నడుమ కూర్చుంది. ఆనందప్ప నాలుగు సంచులు, చాప చుట్ట, ఆవకాయ జాడీ చుట్టూ పెట్టుకొని నిలబడ్డాడు. పక్కన బెంగళూరు రైలు దిగిన పెద్దాయన ఒకరు పలకరించాడు.

“ఎంత దూరమమ్మా పయనం?”

“అండమాన్ నాయినా. ఆడ నాకు సేవకు పిలుపొచ్చింది.”

“సంతోషమమ్మా. మరి సారుకో?”

ఆనందప్ప సంచుల్ని మరోసారి చూసుకున్నాడు.

“నాది నైట్ డ్యూటీ” అన్నాడు.