మంత్రిగారి గొంతులో వెలుగు

ప్రపంచంలో ఇంతవరకూ ఏ నాయకుడూ తన గొంతుతో వెలుగు పుట్టించలేదనీ, ఆ లోటు శనివారం సాయంత్రంతో తీరిపోతుందనీ సాంస్కృతిక శాఖ ప్రకటించింది. మంత్రిగారు మైకులో మాట్లాడుతుంటే, ఆ ధ్వనిని బట్టి లేజర్ కిరణాలు తెర మీద అప్పటికప్పుడు బొమ్మలు గీస్తాయి. గొంతు లేచినకొద్దీ బొమ్మా లేస్తుంది.

ఈ మహత్కార్యం లేజర్ ఆపరేటర్ నెత్తిన పడింది. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి కాబట్టి శాఖలో అందరూ అతన్ని టెంపరరీ అనే పిలుస్తారు. పర్మనెంట్ చేసే ఫైలు మంత్రిగారి బల్ల మీద ఉంది. ఈసారైనా సంతకం పెట్టించుకుని రమ్మనీ, పుట్టింటివాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాననీ భార్య చెప్పి పంపింది.

రిహార్సల్లో మంత్రిగారు కాగితం చూసి చదివారు. తెర మీద సన్నటి గీత ఒకటి పడుకుంది. పది నిమిషాలు చదివినా లేవలేదు. ఈలోగా వెనక వరుసలో అటెండరు తుమ్మాడు. తెర నిండా నెమలి పురి విప్పింది.

కార్యదర్శి అటెండరును సెలవు మీద పంపించి, ఆపరేటర్‌ను పక్కకు పిలిచారు.

"మెషిన్లో లోపం ఉందయ్యా."

"లేదు సార్. మంత్రిగారి గొంతులోనే ఎత్తుపల్లాలు..."

"నీ ఫైలు ఎక్కడుందో గుర్తుందా?"

"లోపం ఉంది సార్," అన్నాడు ఆపరేటర్.

ఆలోచించగా ఆలోచించగా అతనికి హాలు వెనక షెడ్డులోని డీజిల్ జనరేటర్ గుర్తొచ్చింది. కరెంటు పోతే దానంతటదే లేచి దగ్గుతుంది, మూలుగుతుంది, ఉరుముతుంది. ఒక్క క్షణం ఉన్నట్టు ఇంకో క్షణం ఉండదు. మంత్రిగారి మైకును స్పీకర్లకే వదిలేసి, లేజర్‌కి వెళ్లే మైకును తీసుకెళ్లి జనరేటర్ పక్కన కట్టాడు. కార్యదర్శి ఆ ఏర్పాటు చూసి, ఏమీ చూడనట్టు మెచ్చుకున్నారు. జనరేటర్ నడవాలంటే కరెంటు పోవాలి కదా, శనివారం సాయంత్రం గంటసేపు ఊరంతా తీసేయమని విద్యుత్ శాఖకు చెప్పారు.

సభ అద్భుతం. మంత్రిగారు నీళ్లు నమిలినా తెర మీద కొండలు లేచాయి, దగ్గినా సముద్రాలు పొంగాయి. జనం చప్పట్లు కొట్టారు. తన గొంతులో ఇంత ఉందా అని మంత్రిగారే కాసేపు ఆగి తెరను చూసుకున్నారు. ఆగినా కొండలు ఆగలేదు.

అరగంటకి ఆస్పత్రివాళ్లు గోల పెట్టారని ఊరికి కరెంటు ఇచ్చేశారు. జనరేటర్ ఆగిపోయింది. తెర నల్లబడింది. ప్రజల బతుకుల్లో వెలుగు నింపుతానని మంత్రిగారు అప్పుడే గొంతు పెంచారు.

ఆపరేటర్‌కి పదకొండేళ్లూ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. కార్యదర్శి మాత్రం నింపాదిగా ఫోన్ తీశారు.

"మళ్లీ తీసేయండి. ఆస్పత్రికి ఆస్పత్రి జనరేటర్ ఉంటుందిగా."

తెర మీద సూర్యుడు ఉదయించాడు.

మంత్రిగారి గొంతు జాతి సంపద అని మర్నాడు పత్రికలు రాశాయి. వారం తిరక్కుండానే ఆర్డరు ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం కూడా ఊళ్లో ఎక్కడా కరెంటు లేదు. భార్య కవరును కళ్లకద్దుకుని, సెల్‌ఫోన్ వెలుతురులో పైకి చదివింది.

"శాఖకు అందించిన విశిష్ట సేవలకు గుర్తింపుగా, షెడ్డులోని డీజిల్ జనరేటర్‌ను మంత్రిగారి సభలకు శాశ్వతంగా నియమించడమైనది. దాని ఆలనాపాలనకు ప్రస్తుత ఆపరేటర్‌ను మరో ఏడాది తాత్కాలికంగా కొనసాగించడమైనది."

కింద మంత్రిగారి సంతకం ఉంది. ఆమె కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు. కరెంటు ఎప్పుడొస్తుందని మాత్రం అడిగింది.

"ఆయన మాట్లాడటం ఆపాక," అన్నాడు టెంపరరీ.