ఆరో గ్లాసు, సెట్టు రూలు

సృష్టిలో ప్రతి వస్తువుకూ ఒక ప్రయోజనం ఉంటుంది. సర్కారువారి వస్తువుకు మాత్రం రూలు ఉంటుంది.

రాయగడ టోకు వ్యాపారి సుందరరావు చుక్క ముట్టని మనిషి. అయినా ఏభైల నాటి కాక్‌టెయిల్ గ్లాసులంటే ప్రాణం. సన్నటి కాడ, వెడల్పు మూతి, అంచున బంగారు గీత, అడుగున నెమలి గుర్తు. కోరాపుట్‌లో ఓ పాత క్లబ్బు సామాను వేలం వేస్తే అయిదు కొని బీరువాలో పెట్టుకున్నాడు. "తాగీది స్టీలు గిలాసుతోటి, తుడిసీది వీటినా? ఏటండీ ఈ వొరస," అని భార్య రాజ్యం రోజూ అడిగేది. ఆరోది దొరక్క సెట్టు పూర్తికాలేదని ఆయన బాధ.

ఆ ఆరోది క్లబ్బు నుంచి ఎప్పుడో సర్కారు ఆఫీసు చేరి, తొంభై రెండులో కోరాపుట్ జిల్లా విడిపోయినప్పుడు కుర్చీలూ బల్లలతోపాటు పంపకంలో రాయగడ వచ్చేసింది. ఒక కార్యాలయంలో (పేరు చెబితే నా రేషను కార్డు ఈ జన్మకు రాదు) స్టాంపులు తడిపే స్పాంజి అందులో పెట్టారు. అది కంటపడిన రోజు సుందరరావు అన్నం తినలేదు.

దానికి బదులు కొత్తవి అరడజను ఇస్తానని అర్జీ పెట్టాడు. అది తన సెట్టులోదేనని రుజువు చెయ్యమన్నారు. అయిదింటినీ దూదిలో చుట్టి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని వెళ్లి, బల్ల మీద పేర్చాడు. (దీన్ని పెద్దలు కొరివితో తల గోక్కోవడం అంటారు. ఆఫీసులో దాఖలు చెయ్యడం అంటారు.) సెట్టు పరిశీలనాధికారి భూతద్దం పెట్టి చూసి, ఆరూ ఒకే సెట్టని ధ్రువీకరించాడు. సుందరరావు పొంగిపోయాడు.

అప్పుడు హెడ్‌క్లర్కు సింహాచలం వేలం రసీదు అడిగి చూశాడు. అందులో 'విడి గ్లాసులు' అని ఉంది.

"ఈ రసీదు విడివాటికండీ. ఇవి విడివి కావని మీరే రుజువు సేసేరు కదా. సెట్టు ఇడదీసీ రూలు మాకు లేదు. కలిపీ రూలుంది," అన్నాడు ఎంతో మర్యాదగా.

సుందరరావుకు ఏడుపొచ్చింది. ఈలోగా ప్యూను సన్యాసయ్య మిగతా అయిదు కౌంటర్లకూ అయిదు స్పాంజిలు కోసి, ఆయన గ్లాసుల్లో పెట్టేశాడు. ఇన్నాళ్లూ అయిదు కౌంటర్లలో ప్రజలు నాలుకతోనే సరిపెట్టుకున్నందుకు అధికారి విచారం వెలిబుచ్చాడు.

అర్జీదారు కోరిన ప్రకారం సెట్టు పూర్తిచేయడమైనదని రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చెయ్యమన్నారు. సుందరరావు స్టాంపును నాలుక దగ్గరికి తీసుకెళ్లబోతే సింహాచలం వారించి, ఆరో గ్లాసును ముందుకు తోశాడు.

దాన్ని ముట్టుకోవడానికి ఆయనకు అనుమతి దొరకడం అదే మొదటిసారి.