నిరాడంబరతకు తగిన లెన్సు

"ఈ కార్యాలయానికి నిరాడంబరతే ఊపిరి! నిరాడంబరతే ఆస్తి! ఆ నిరాడంబరతను లోకానికి చాటడానికి ఎంత ఖర్చయినా వెనకాడేది లేదు!"

డైరెక్టరు గారు బల్ల గుద్ది ఈ ప్రకటన చేయగానే సమావేశ మందిరం చప్పట్లతో దద్దరిల్లిపోయింది. ఫోటో గుమాస్తా కూడా కొట్టాడు గానీ, అతని చేతుల్లో పస లేదు. సంగతి అతనికి ముందే తెలుసు. ఆ ఏడాది ప్రభుత్వం 'ఉత్తమ నిరాడంబర అధికారి' అనే పురస్కారం పెట్టింది. దరఖాస్తుతో పాటు ఒక ఫోటో పంపాలి. అది తీయవలసిన వాడు తనే.

తీయడానికి అతనికేం అభ్యంతరం లేదు. అతని బెంగంతా బదిలీ గురించి. భార్య ఉద్యోగం వేరే ఊళ్ళో. పాకడం నేర్చిన కూతుర్ని అతనింకా వీడియో కాల్‌లోనే ఆడిస్తున్నాడు. ఆ ఊరికి బదిలీ కాగితమేమో సంతకం పడక ఏడాదిగా డైరెక్టరు గారి బల్ల మీద పేపర్‌వెయిట్ కింద హాయిగా నిద్రపోతోంది.

"ఫోటో బాగా రానీవయ్యా, నీ బదిలీ సంగతి చూద్దాం" అన్నారు డైరెక్టరు గారు.

అంతే! అతనికి ఎక్కడ లేని హుషారూ వచ్చేసింది. ఆఫీసులో మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి ఉంది. దాంతో పాటు వచ్చిన లెన్సుతో తీస్తే మనిషీ, గోడా, గోడ మీది బల్లీ ఒకే వరసలో నిలబడి గ్రూపు ఫోటో దిగినట్టు వస్తారు. పోర్ట్రెయిట్‌కి అది పనికిరాదు.

"ఏభై ఎంఎం, ఒకటి పాయింట్ ఎనిమిది లెన్సు తీసుకుందాం సార్. మంచివాటిల్లో అదే చవక. ముఖం తేటగా, వెనకంతా మెత్తగా మసగ్గా వస్తుంది."

"చవక! అదీ మాటంటే!" అని మురిసిపోయి డైరెక్టరు గారు అప్పటికప్పుడు 'చవక లెన్సు ఎంపిక సంఘం' వేసేశారు.

సంఘం కూర్చుంది. లెక్కల అధికారి కేటలాగు తిరగేసి, కళ్ళజోడు సవరించుకుని గుమాస్తాను నిలదీశాడు.

"ఒకటి పాయింట్ ఎనిమిదా? ఇక్కడ అయిదు పాయింట్ ఆరు ఉందే! దాని ధర ఇంకా తక్కువ! తక్కువ డబ్బుకి ఎక్కువ అంకె వస్తుంటే, ఎక్కువ డబ్బు పోసి తక్కువ అంకె కొంటామా? ఆడిటు వాళ్ళు నా తోలు తీస్తారు!"

"అది రంధ్రం కొలత సార్. అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది."

"అంటే మనం డబ్బిచ్చేది రంధ్రానికా?"

"ఒక రకంగా... అవును సార్."

"గాజుకైతే ఇస్తాం. రంధ్రానికి ఇవ్వడానికి మన బడ్జెట్‌లో పద్దు లేదు!"

స్టోర్సు మేడం అందుకుంది. "మిర్రర్‌లెస్ అంటే అద్దం లేనిది అని చెప్పి కొనిపించింది మీరే కదండీ? లేదని మెచ్చుకుని కొన్నదానికి ఇప్పుడు ముందు అద్దం బిగిస్తానంటారేం?"

గుమాస్తా తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాడు గానీ, అది ప్రభుత్వ గోడ. సంఘం వారు లెన్సును స్వయంగా పరిశీలించడానికి రెండు కార్లలో పక్క నగరానికి బయల్దేరారు. తిరిగి వచ్చేటప్పుడు లెక్కల అధికారి చేతిలో కొత్త సూట్‌కేసు ఉంది, మేడం చేతిలో డిన్నర్ సెట్టు ఉంది. లెన్సు మాత్రం ఎవరి చేతిలోనూ లేదు!

చివరికి గుమాస్తాకే ఉపాయం తట్టింది. ఫైలు మీద 'ధర గాజుకు మాత్రమే. రంధ్రం ఉచితం' అని రాశాడు. మధ్యాహ్నానికల్లా మంజూరైపోయింది!

ఫోటో రోజు డైరెక్టరు గారి గదిని అతను గుర్తుపట్టలేకపోయాడు. సోఫాలు వరండాలోకి పోయాయి. ఏసీకి తెర కట్టారు. నడుమ ఒక చెక్క స్టూలు, దాని మీద డైరెక్టరు గారు. వెనకాల తుప్పు పట్టిన సైకిలు, మాసికలు వేసిన గొడుగు, మసిబారిన లాంతరు.

"నా చిన్ననాటి వస్తువులయ్యా. వదల్లేకపోతున్నాను" అన్నారాయన గొంతు గద్గదం చేసుకుని.

గుమాస్తా కొత్త లెన్సు బిగించి నొక్కాడు. ముఖం కడిగిన ముత్యంలా వచ్చింది. వెనకంతా పల్చటి మంచు కమ్మినట్టు ఉంది. అతను తన పనితనానికి తనే మురిసిపోతుండగా డైరెక్టరు గారు కెమెరా లాక్కున్నారు.

"నా సైకిలేదయ్యా?"

"వెనకాల మసకలో ఉంది సార్."

"గొడుగు?"

"అదీ మసకలోనే ఉంది సార్."

"మసకలో ఉన్న నిరాడంబరత ఎవడిక్కావాలి? నా నిరాడంబరత స్పష్టంగా కనపడాలి! చిల్లులతో సహా కనపడాలి! తుడిచెయ్ దీన్ని, ఇప్పుడే, నా కళ్ళముందే!"

తుడిచేశాడు. అంకె పదకొండుకి పెంచి, రంధ్రం చిన్నది చేసి మళ్ళీ తీశాడు. ఈసారి సైకిలు చువ్వలు కూడా లెక్కపెట్టేట్టు వచ్చింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకోలేదూ, అంకె పెద్దదుండాలని!" అన్నాడు లెక్కల అధికారి గుమ్మంలోంచి.

డైరెక్టరు గారు కెమెరా వెనకున్న చిన్న తెరలో తన ముఖం చూసుకుని పొంగిపోయారు. "శభాష్! ఇంత పనిమంతుణ్ణి ఎక్కడో పడేసుకుంటానా? బదిలీ లేదు, గిదిలీ లేదు. నువ్విక్కడే ఉండాలి!"

గుమాస్తా ప్రాణం ఉసూరుమంది. కాళ్ళీడ్చుకుంటూ తన గదికి పోయి ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేశాడు. చేసి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సైకిలుకొక చీటీ, గొడుగుకొక చీటీ, లాంతరుకొక చీటీ వేలాడుతున్నాయి. 'నాటక సమాజం. అద్దె ముగియగానే తిరిగి ఇవ్వవలెను.'

వాటిని చెరపడం అతనికి చిటికెలో పని. అయినా ఒక మాట అడుగుదామని ఇంటర్‌కమ్ ఎత్తాడు. "సార్, వెనకాల వస్తువుల మీద చిన్న చిన్న..."

"చెయ్యి పెట్టకు! ఉన్నదున్నట్టు పంపు! నిజాయితీ ముఖ్యం!"

"చిత్తం సార్!" అన్నాడతను. ఏడాదిలో అంత మనస్ఫూర్తిగా ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఫోటో వెళ్ళింది. పురస్కారాల సంఘం వారు పడీ పడీ నవ్వారు. నవ్వు తమతోనే ఆగిపోవడం అన్యాయమనుకున్నారు కాబోలు, ఆ ఫోటో సాయంత్రానికల్లా అన్ని ఆఫీసుల ఫోన్లలోనూ తిరుగుతోంది. డైరెక్టరు గారు ఎగిరిపడ్డారు. "వీణ్ణి ఇవాళే ఏ మూలకైనా విసిరెయ్యండి!"

కొత్తగా బదిలీ ఉత్తర్వు తయారు చేయాలంటే సంఘం వేయాలి. సిద్ధంగా ఉన్నది పేపర్‌వెయిట్ కింది కాగితం ఒక్కటే. ఏడాదిగా పడని సంతకం చదవకుండానే పడిపోయింది!

అతను భార్య ఉండే ఊళ్ళో బస్సు దిగేసరికి భార్య కూతుర్ని చంకనేసుకుని ఎదురొచ్చింది. చేతులు చాచబోతుండగా ఫోను మోగింది. డైరెక్టరు గారు! గొంతులో తేనె కారుతోంది.

"ఏమోయ్ బాబూ, పురస్కారం వచ్చినాయన ఫోటో చూశావా? వెనకాలంతా మసక! 'తన నిరాడంబరతను సైతం ప్రదర్శించుకోని మహనీయుడు' అని పొగిడారట! మన మొదటి ఫోటో ఉందా?"

"మీ కళ్ళముందే తుడిచేశాను సార్."

"అయితే వెంటనే వచ్చెయ్! వచ్చే ఏడాదికి ఇప్పుడే తీసి పెట్టుకుందాం. వెనకాల మసక దట్టంగా ఉండాలి! నీ శిక్ష రద్దు చేస్తున్నాను!"

"వద్దు సార్! వేసిన శిక్ష మధ్యలో తీసేస్తే కార్యాలయం క్రమశిక్షణ ఏమైపోవాలి?" అంటూ అతను ఒక చేత్తో కూతుర్ని అందుకున్నాడు. అది ఎవరో కొత్తమనిషి అనుకుని గుక్కపట్టి ఏడుపందుకుంది.

"ఆ ఏడుపేమిటయ్యా?"

"శిక్ష మొదలైంది సార్" అన్నాడతను, కూతుర్ని గుండెలకు హత్తుకుంటూ.