మాత్ర మింగని ఎర్రయ్య

ఎర్రయ్య మొదటి దగ్గు మాత్ర మింగిన ఉదయమే, మాత్ర మింగని ఎర్రయ్య ఆరోగ్యశాఖ జీపులోంచి దిగాడు. నిబంధనల ప్రకారం ఇది మామూలే. మందు పనిచేసిందో లేదో తేలాలంటే, అది వేసుకోకపోతే ఆ మనిషి ఏమయ్యేవాడో పక్కన పెట్టి పోల్చి చూడాలి. పూర్వం పక్కింటాయనతో పోల్చేవారు. ఆయనేమో చుట్ట తాగేవాడు, లెక్కంతా పొగచూరిపోయేది. అందుకని శాఖ ఇప్పుడు అచ్చంగా అదే మనిషిని తెప్పిస్తోంది.

రెండో ఎర్రయ్యకూ అదే పుట్టుమచ్చ, జీడిపిక్కల బట్టీ పొగకు పాడైన అవే ఊపిరితిత్తులు. శాఖవారు ఒక మంచం అదనంగా ఇచ్చారు. మందు పనిచేసిందని తేలితే వీధికంతా మాత్రలు. ఈలోగా రెండో అతనికి మాత్ర పెడితే ఎవరికీ లేవు. పరిశీలన అధికారి శ్రీరంగనాథం ఈ సంగతి చెప్పి, ఎర్రయ్య భార్య నూకాలమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

మొదటి ఎర్రయ్య తేరుకుని పనికి వెళ్లసాగాడు. రెండో అతను పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడు. క్రమంగా పెదవులు నీలంగా మారాయి.

"ఒలే, ఆడికోటియ్యే. సచ్చిపోతాడు," అన్నాడు మొదటి ఎర్రయ్య.

"ఇత్తే ఈదికి మందుండదు. ఇయ్యకపోతే నువ్వు బతికుండగానే నీ సావు నాను సూడాల," అంది నూకాలమ్మ.

ఆ వీధిలో కూర బాగా కుదిరితే ఓ గిన్నెడు, మాత్ర బాగా పనిచేస్తే ఓ ముక్క గోడ దాటడం ఆనవాయితీ. నూకాలమ్మ అప్పటినుంచి రోజూ మాత్రను కత్తిపీట మీద రెండుగా కోసింది.

శ్రీరంగనాథం వచ్చి ఇద్దరి రొమ్ములకూ గొట్టం ఆనించి విన్నాడు. ఇద్దరి దగ్గూ దగ్గరదగ్గరగా ఉంది.

"తేడా లేదు. మందు దండగ," అన్నాడు.

"తేడా నానే కోసేసినాను బాబూ," అంది నూకాలమ్మ.

శ్రీరంగనాథం అందరినీ పిలిచి వివరించాడు. మందు మంచిదే, చెడింది పోలిక. ఇద్దరూ చెరిసగం మింగారు కాబట్టి ఇద్దరూ చెరిసగం బాగుపడ్డారు. వీధికి మాత్రలు ఆపితే తన లెక్కా ఆగిపోతుంది కనుక ఆపడట.

"అదే మనిషిని తెస్తే మీరు ఊరుకోరు. పోలిక కాస్త తగ్గినా ఫర్వాలేదు, మాత్ర లేకుండా ఉంచడానికి ముక్క కోసిచ్చే దిక్కు లేని మనిషి కావాలి. ఎవరున్నారు?"

ఒకరు బట్టీ వెనక ఒంటరిగా ఉండే గౌరమ్మ పేరు చెప్పారు. ఇంకొకరు ఇల్లు చూపించారు. ఆవిడకు సంగతి చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు. మాత్రల వరుస అప్పటికే కదులుతోంది, అందులో నూకాలమ్మ ముందుంది.