బ్రాకెట్లో ఆరు

సోమవారం పొద్దున నరసింహప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. డ్రమ్ముల మీది పాత పేర్లను థిన్నర్ గుడ్డతో తుడిచెయ్యాలి, కొత్త స్టిక్కర్లు అంటించాలి, ఆడిట్ మేడం వచ్చేసరికి చేతులు కడుక్కుని నిలబడాలి. ఇది సాఫీగా జరిగితే లోహాలకు పూత వేసే ప్లేటింగ్ షెడ్డు నుంచి ప్యాకింగ్ సెక్షన్‌కు మారుస్తానని ఓనరు మాటిచ్చాడు. ప్యాకింగ్ సెక్షన్‌లో కిటికీ ఉంది. కిటికీలోంచి గాలి వస్తుంది.

ఆ గాలి నరసింహప్పకు ఎంత అవసరమో అతని జేబులోని చేతిరుమాలుకు తప్ప ఎవరికీ తెలియదు. కొంతకాలంగా అతని ముక్కులోంచి నెత్తురు కారుతోంది. క్రోమియం తొట్టి దగ్గర ముక్కు పాడైనవాళ్లను ఓనరు పనిలో ఉంచుకోడు. తిట్టడు, కొట్టడు. చేతిలో అరటిపళ్లు పెట్టి, మర్యాదగా ఊరి బస్సు ఎక్కిస్తాడు. ఆ తొట్టి దగ్గరే పనిచేసిన పెద్దన్న అలాగే వెళ్లాడు. పళ్లు తిన్నాడో లేదో గానీ, ఏడాది తిరక్కుండానే పోయాడు.

హెబ్బగోడిలోని ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. మందుల పేర్లు పలకడానికి ఎవరికీ నోరు తిరగదు కాబట్టి, ఏ డ్రమ్ములోది ఎవరిని కాల్చిందో ఆ డ్రమ్ము మీద ఆ మనిషి పేరే ఎర్రరంగుతో రాసేస్తారు. పాదాల తోలు ఊడదీసిన కాస్టిక్ సోడా పేరు సొన్నమ్మ. రెండు వేళ్లు తిన్న యాసిడ్ పేరు చిన్నప్ప. కళ్లు మసకబార్చిన నీలం ఉప్పు హరి. ముక్కు దూలానికి బొక్క పెట్టే ఎర్ర పెళ్లలు పెద్దన్న. "పెద్దన్న కాడ మూతి పెట్టొద్దు" అంటే కొత్తగా చేరినవాడికి ఇంక వేరే పాఠం అక్కర్లేదు.

ఈ పద్ధతి ఇక్కడి సరుకు కొనే బెళ్ళందూరులోని పెద్ద కంపెనీకి నచ్చలేదు. పేర్లు ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం ప్రకారమే ఉండాలంది. అందుకోసం సేఫ్టీ ఆఫీసరుగా చేరిన హేమంత్‌కుమార్ శనివారమే నరసింహప్పను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"సింపుల్ అంకుల్. మెటల్ పేరు ఫస్ట్, దాంతో కలిసినదాని పేరు నెక్స్ట్. కొన్ని మెటల్స్‌కి బలం మారుతూ ఉంటుంది, వాటికి మాత్రం బ్రాకెట్లో రోమన్ నంబర్. మన కాపర్‌కి రెండు. క్రోమియంకి ఆరు. సోడియం బలం ఎప్పుడూ ఒకటే, సో దానికి నంబరే వెయ్యం. యాసిడ్‌కీ వెయ్యం."

"మరి దీంట్లో మనిషి యాడుండాడు సార్?"

"మనిషెందుకు అంకుల్, ఇది ఇంటర్నేషనల్ రూల్."

నియమం నరసింహప్పకు బాగానే తలకెక్కింది. చిక్కు సొన్నమ్మ రూపంలో వచ్చింది. అతను ఆమె పేరులో సగం తుడిచేసరికి చీపురుతో వెనకాలే నిలబడి ఉంది.

"ఏమప్పా, నా పేరెందుకు చెరుపుతుండావు?"

"పైనించి ఆర్డరు సొన్నక్కా. సుమ్మనుండు, నోరెత్తొద్దు."

"ఎట్ల సుమ్మనుండేది? నా కాళ్లు ఈడ కాలినాయనేదానికి ఆ పేరొకటే సాక్ష్యము. అది గూడా తుడిచేస్తే, రేపెవురన్నా అడిగితే మా ఇంటి పొయ్యిలో పెట్టుకుంటినని చెప్పల్లా?"

ఆ మాట విని చిన్నప్ప వచ్చాడు. వేళ్లు తక్కువైన కుడిచేతిని యాసిడ్ డ్రమ్ము మీద పెట్టి, "దీని జోలికొస్తే చూడు" అన్నాడు. హరి వచ్చాడు, ఆ నీలం ఉప్పుకే కన్ను పాడైన బాలమ్మ వచ్చింది. తొట్ల దగ్గర పని ఆగిపోయింది. బయట కారు హారన్ వినబడినట్టయింది. నరసింహప్ప కంగారులో నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

"అయ్యో, మిమ్మల్నెవురూ మర్చిపోలేదప్పా! పేర్లన్నీ పట్టవని లెక్క వేసినారు. ఇదో, పెద్దన్న డ్రమ్ము స్టిక్కరు చూడండి. బ్రాకెట్లో ఉండేది ఆరు. ఆరుగురికి అయ్యిందని."

చిన్నప్ప ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ, ముక్కు పోగొట్టుకుని బస్సెక్కినవాళ్లను లెక్కపెట్టాడు. పెద్దన్నతో మొదలుపెడితే ఆ చెయ్యి అయిపోయింది. కుడిచేతి చూపుడువేలు ఒకటి గాల్లో నిలబడింది.

"ఐదుగురే గదప్పా. ఆరోవాడెవుడు?"

"మనకు గుర్తు లేదేమో" అంది సొన్నమ్మ. ఆమె గొంతు మెత్తబడింది. "చూసినావా చిన్నప్పా, మనం మర్చిపోయినోణ్ణి గూడా ఆఫీసోళ్లు గుర్తుపెట్టుకుండారు."

నరసింహప్ప చేతిరుమాలు తీసి, ముక్కు ఒత్తుకుని, దాని వంక చూడకుండానే జేబులో పెట్టేసుకున్నాడు.

అబద్ధం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కొత్త స్టిక్కర్లన్నీ అంటించాక సొన్నమ్మ తన డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"నా దాని మీద అంకె ల్యాదే?"

"సోడియానికి వెయ్యరక్కా. రూలు."

"ఏం, నావి కాళ్లు గావా?"

మార్కర్ పెన్నుతో ఒక గీత గీశాడు. గీత చూసి అనిత వచ్చింది, వాళ్లాయన మోచేతికని. ఆమె వెనక ఇంకో ఇద్దరు. సోడియంకు నాలుగు గీతలయ్యాయి. యాసిడ్‌కు మూడు. నీలం ఉప్పు కాపర్ మీద ముందే ఉన్న రెండూ తన రెండు కళ్లవని హరి తేల్చేయడంతో, బాలమ్మ మూడోది గీయించుకుని గానీ కదల్లేదు. కనుబొమ్మ కాలినవాడికి గీత ఇవ్వాలా, సగం గీత ఇవ్వాలా అని పంచాయితీ నడుస్తుండగా ఓనరు, హేమంత్‌కుమార్, ఆడిట్ మేడం అర్పిత లోపలికొచ్చారు.

అర్పిత మొదటి డ్రమ్ము దగ్గరే ఆగింది. వాళ్లమ్మది మదనపల్లె, తెలుగు బాగానే వచ్చు.

"సోడియం ఫోర్? ఇది ఏ గ్రహం మీది సోడియం?"

హేమంత్‌కుమార్ మొహం తెల్లబోయింది. సొన్నమ్మ మాత్రం ముందుకొచ్చి చెప్పులు విడిచింది.

"నలుగురం మేడం. ఇదో నా కాళ్లు."

అనిత భర్త చొక్కా చెయ్యి పైకి లాగాడు. చిన్నప్ప చెయ్యి చాచాడు. బాలమ్మ కన్ను కిందికి లాగి చూపించింది. డ్రమ్ము డ్రమ్ముకూ ఒక జట్టు నిలబడింది, బడిలో హాజరు చెప్పినట్టు.

"వీళ్లంతా పుట్టుకతోనే ఇలా మేడం" అన్నాడు ఓనరు. "టీ తాగుతారా?"

అర్పిత నెమ్మదిగా, "నేను చూడాల్సింది లేబుల్సే. గాయాలకు వేరే టీమ్ వస్తుంది" అంది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. క్రోమియం డ్రమ్ము దగ్గరికెళ్లి స్టిక్కరు చదివి, మొదటిసారిగా తలూపింది.

"సిక్స్. ఈ ఒక్క నంబరే కరెక్ట్‌గా ఉంది."

ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. నరసింహప్ప కళ్ల ముందు ప్యాకింగ్ సెక్షన్ కిటికీ రెక్క తెరుచుకుంది.

"లేదు మేడం, అదే తప్పు" అంది సొన్నమ్మ. "మాకు ఐదుగురే తెల్సు. ఆరోవాణ్ణి మాకెవురూ చూపీలేదు."

అందరూ అందరి మొహాలూ చూసుకున్నారు. నరసింహప్ప ఊపిరి బిగబట్టాడు. కానీ ఆ తొట్టి ఆవిరి ఊపిరి బిగబట్టినవాడినీ వదలదు. ముక్కు చిమచిమలాడింది. రుమాలు తీసేలోపే తుమ్ము వచ్చేసింది. తెల్లటి కొత్త స్టిక్కరు మీద, బ్రాకెట్టు పక్కనే, ఎర్రటి చుక్కలు పడ్డాయి. సగం తీసిన చేతిరుమాలు కిందపడి మడతలు విప్పుకుంది. అందులో తెల్లటి చోటు ఎక్కడా లేదు.

చిన్నప్ప పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్న ఆ ఆరో వేలిని మెల్లగా ముడిచాడు.

"ఇంగ సరిపోయింది మేడం" అంది సొన్నమ్మ, చెప్పులు వేసుకుంటూ.

మిగిలిన డ్రమ్ముల అంకెలు చెరిపెయ్యాలనీ, క్రోమియం డ్రమ్ముకు ఏ సవరణా అక్కర్లేదనీ అర్పిత రాసిచ్చింది. ఆడిట్ పాసైంది. ప్యాకింగ్ మాట తప్పాడని ఎవరూ అనకముందే ఓనరు తానే బస్టాపు దాకా వచ్చి, అరటిపళ్లు నరసింహప్ప చేతిలో పెట్టాడు.

ఊరికెళ్లే ఆనేకల్ బస్సులో నరసింహప్పకు కిటికీ పక్క సీటే దొరికింది.