మెడనొప్పికి ఎకో పరీక్ష

జెద్దాలో షరఫియా బజారు వెనక వీధిలో కాపురముంటున్న అల్లాబకాష్‌కు మెడనొప్పి వచ్చింది. వచ్చిందంటే దానంతటది రాలేదు. వీసా పంపి మరీ పిలిపించుకున్నాడు.

కారణం భార్య సురయ్యా. ఆమె పిల్లల ఆసుపత్రిలో గుండెకు ఎకో తీసే టెక్నీషియన్. బల్ల మీద పిల్లలు గింజుకుంటే తెరమీద బొమ్మ చెదిరిపోతుంది. అందుకని ముందే నిద్రమందు పట్టిస్తారు. మందు అక్కర్లేదు, పిల్ల కళ్ళముందు దానికి ఇష్టమైనది పెడితే చాలునని సురయ్యా రెండేళ్ళుగా పరిశోధన చేస్తోంది. వచ్చే ఆదివారం పెద్ద డాక్టర్ల ముందు చేసి చూపించాలి. ఒప్పుకుంటే ఆసుపత్రి అంతటా ఆమె పద్ధతే. లేకపోతే రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే. పసివాళ్ళ సంగతి సరే, మొండిఘటాల మాటేమిటని పెద్ద డాక్టరు అప్పుడే అడ్డుపుల్ల వేశాడు.

"ఈ వారం వంట నీదబ్బా," అంది సురయ్యా.

"అదెంత పని!" అన్నాడు అల్లాబకాష్.

రెండు పూటలు గరిటె తిప్పేసరికి అదెంత పనో తెలిసొచ్చింది. అతనిది షిప్పింగ్ కంపెనీలో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. సాకు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

"మే, కంప్యూటర్ దెబ్బకు మెడ పట్టేసింది. ఎడమ పక్కకు తిరగడంల్యా."

"గరిటె తిప్పేది మెడతోనా?"

"భుజం గూడా లాగుతాంది."

సురయ్యా చున్నీ నడుముకు చుట్టుకుని వంటింట్లోకి పోయింది. అల్లాబకాష్‌కు ఆ పూటే పండగైపోయింది.

టీవీ సోఫాకు ఎడమపక్కనే ఉందన్న సంగతి సాయంత్రం ఇండియా మ్యాచ్ మొదలయ్యాక గుర్తొచ్చింది. పాపం, ఎదురుగా ఉన్న ఫ్రిజ్జును చూస్తూ మ్యాచంతా చెవులతో విన్నాడు.

మరునాడు తెలివిగా కుడిపక్కకు తిరగలేనన్నాడు.

"నిన్న ఎడమంటివే?"

"మారింది."

"అంటే నీ నొప్పి గూడా వీసా ఇచ్చిన కఫీల్‌ను మార్చుకుని పక్క కంపెనీకి పోయిందా?"

శుక్రవారం రాబిగ్ ఊరి నుంచి స్నేహితుడు పీరయ్య దిగాడు. వృత్తి లారీ తోలడం, వ్యసనం వైద్యం. నువ్వులనూనె కాచి తెచ్చి అల్లాబకాష్ మెడను కసిదీరా పిసికాడు.

"కండ ఇనుమైండాదన్నా! ఇట్లే వదిలేస్తే పోతావు."

"యాడికి?"

"ఫైనల్ ఎగ్జిట్టే! మళ్ళీ తిరిగొచ్చే వీసా ఉండదు."

పోతూ పోతూ అతని మెడకొక పట్టీ బిగించిపోయాడు. ఇక మంచినీళ్ళు కూడా గొట్టంతోనే. అటు సురయ్యా వంట చేస్తూ, పాఠం వల్లెవేసుకుంటూ కళ్ళు వాచిపోయి తిరుగుతోంది. చూస్తే అల్లాబకాష్‌కు నిజంగానే జాలేసింది. పట్టీ తీసేద్దామనుకున్నాడు గానీ పరువు అడ్డొచ్చింది.

"మా ఆసుపత్రిలో అఫ్షాన్ డాక్టరమ్మ కంప్యూటర్ నొప్పుల మీద పరిశోధన చేస్తా ఉంది," అంది సురయ్యా. "నీలాంటోళ్ళ కోసమే ఎదురుచూస్తా ఉంది. నీ పేరిచ్చినా."

అల్లాబకాష్ గుటక మింగాడు. పట్టీ అడ్డొచ్చి అది కూడా సరిగా దిగలేదు.

ఆదివారం అఫ్షాన్ డాక్టరమ్మ పట్టీ విప్పించి, నెత్తిన కోణాలు కొలిచే సాధనమొకటి తగిలించింది. కుడికి తిప్పమంటే అల్లాబకాష్ వెంట్రుకవాసి తిప్పి "యా అల్లా!" అని కేకేశాడు. "చానా ముదిరింది," అని డాక్టరమ్మ జాలిపడింది.

అంతలో సురయ్యా వచ్చి, సాధనంతో సహా మొగుణ్ణి పక్క హాల్లోకి నడిపించుకుపోయింది. డాక్టరమ్మ కూడా వెంటే వచ్చింది. అక్కడ వరసగా డాక్టర్లు. సురయ్యా పద్ధతిలో తీసిన చిన్నపిల్లల గుండె బొమ్మలన్నీ అప్పటికే చూశారట. పెద్ద డాక్టరు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మొండిఘటం కావాలంటిరి గదా సార్," అంది సురయ్యా ఇంగ్లీషులో. "ఇదిగో, తెచ్చినా."

చొక్కా విప్పించి ఎడమకు ఒరిగించి పడుకోబెట్టింది. అల్లాబకాష్ గింజుకోబోయాడు. సురయ్యా అతని కుడిభుజం వెనక ట్యాబ్ పెట్టింది. ఇండియా మ్యాచ్. ఆఖరి ఓవర్.

మెడ కుడికి తిరిగింది. ఇంకా తిరిగింది. గుడ్లగూబకు కూడా అంత చేతకాదు. ఒళ్ళు మాత్రం కదల్లేదు. ఛాతీ మీద యంత్రం నడుస్తున్నా అతనికి సోయి లేదు. తెరమీద గుండె నాలుగు గదులూ అద్దంలో కనిపించినంత స్పష్టంగా వచ్చాయి.

"గుండె బంగారం సార్," అంది సురయ్యా. "మెడే దొంగది."

హాలంతా నవ్వులు. పెద్ద డాక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. రేపటినుంచి ముందు సురయ్యా పద్ధతి, తప్పనిసరైతేనే నిద్రమందు అని అక్కడికక్కడే చెప్పేశాడు. సురయ్యా కళ్ళు చెమ్మగిల్లాయి. చొక్కా లేకుండానే బల్ల మీద లేచి కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అల్లాబకాషే. సిగ్గు తర్వాత వేసింది. ముందు మాత్రం పెళ్ళాన్ని చూసి ఛాతీ పొంగిపోయింది.

ఇంటికొస్తూ టాక్సీలో అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది మే?"

"మొదటిరోజే. నేను వంటింట్లోకి పోయినానా లేదా అని మెడ తిప్పి చూసినావు గదా."

"మరి వారమంతా వండిపెడితివే?"

"నీయంత మొండిఘటం జెద్దాలో యాడ దొరుకుతాది? ఆదివారం దాకా పోగొట్టుకోకుండా సాకినా."

అల్లాబకాష్ మాట మార్చాడు.

"పాపం, అఫ్షాన్ డాక్టరమ్మ పరిశోధన పాడైపోయిందే."

"యాడ పాడైంది? నొప్పి లేనోళ్ళు గూడా కావాలంట, పోల్చి చూసేకి. ఆ గుంపులో చేర్చుకునింది నిన్ను. మెడ బిగుసుకోకుండా ఏడాది పాటు వంట, గిన్నెలు, గుడ్డలు, అన్నీ చేస్తా ఉండాల. మధ్యలో మానితే లెక్క చెడిపోతాదంట."

"ఏడాదా! నేనెప్పుడు ఒప్పుకుంటి?"

"ఆఖరి ఓవర్లో అడిగితే ఊ అన్నావు గదా."